జింకపిల్లకు తల్లి ఉంది



అడవి జంతువుల పిల్లలను ఎలా కనిపెట్టాలి, వాటి ఫోటోలు ఎలా తీయాలి అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని అడిగినప్పుడు మొదట నాకు నవ్వొచ్చింది. మాది పావగడ తాలూకా. జిల్లా తుమకూరు అయినా మూడు వైపులా ఆంధ్ర ఊళ్ళే. దక్షిణాన మడకశిర, తూర్పున పెనుకొండ, ఉత్తరాన కళ్యాణదుర్గం. కచేరీలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ కలిపి మాట్లాడుకునే మనుషులం. మా చుట్టూ ఉన్నది బోడి గుట్టలు, తుమ్మ కంపలు, శెనక్కాయ చేన్లు, మూడేళ్ళకొకసారి నిండే చెరువులు. ఇక్కడి మనిషిని పిలిచి అడవి గురించి చెప్పమంటే ఎట్లా అనుకున్నాను. తరువాత ఆలోచిస్తే, ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఉంది, చూసి నేర్చుకున్నది కొంత ఉంది. ఆ రెండూ మీ ముందు పెట్టడం మంచిదనిపించింది.

ముందు దూరదేశం సంగతి చెప్తాను.

మా మేనల్లుడు ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశంలో, నైరోబీ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. "మామా, ఇంక నీకు ఇస్కూలు లేదు కదా, ఒక్కసారి వచ్చిపో, సింహాలను చూపిస్తా" అని పిలిచాడు. 2019 ఫిబ్రవరిలో వెళ్ళాను. నైరోబీ నుంచి రోడ్డు మీద అయిదారు గంటలు ప్రయాణం చేస్తే మసాయి మారా వస్తుంది. అడవి అంటే దట్టమైన చెట్లు ఊహించుకుని వెళ్ళిన నాకు అక్కడ కనబడ్డది గడ్డి. చూపు ఆనినంత మేర గడ్డి, అక్కడొక చెట్టు, ఇక్కడొక చెట్టు. మా ఊరి బీడునే పదింతలు పచ్చగా చేసి, వెయ్యింతలు పొడవుగా సాగదీసినట్టుంది. దాని విస్తీర్ణం 1,510 చదరపు కిలోమీటర్లు. అందులో మనం జీపు దిగకూడదు. జీపు పైకప్పు ఎత్తి ఉంటుంది, నిలబడి చూడాలి.

మూడో రోజు పొద్దున మా డ్రైవరు వైర్‌లెస్‌లో ఎవరితోనో మాట్లాడి జీపు వేగం పెంచాడు. పోయి చూస్తే ఒక చెదపుట్ట మీద ఆడ చీతా కూర్చుని ఉంది. పక్కన మూడు కూనలు. చీతా అంటే మన గుట్టల్లోని చిరుతపులి కాదండీ. చాలామంది రెంటినీ ఒకటే అనుకుంటారు. చీతా సన్నగా వేటకుక్కలాగా ఉంటుంది, కంటి నుంచి మూతి దాకా కన్నీటి చారలాంటి నల్లగీత ఉంటుంది. ఆ కూనల వీపు మీద బూడిదరంగు జూలు నిక్కబొడుచుకుని, చింపిరి జుట్టు పిల్లల్లాగా ఉన్నాయి. ఒకటి తల్లి తోకను పట్టుకుని ఆడుతున్నది. ఎవరికైనా ముద్దొస్తుంది. నాకూ ముద్దొచ్చింది. కెమెరా తీశాను.

అంతలో ఒక జీపు వచ్చింది. తరువాత ఇంకొకటి. పావుగంటలో పద్నాలుగు జీపులు లెక్కపెట్టాను. అక్కడి నియమం ప్రకారం ఒక జంతువు దగ్గర ఒకేసారి అయిదు బండ్లకు మించి ఉండకూడదు, పాతిక మీటర్ల కన్నా దగ్గరికి పోకూడదు. నియమం కాగితం మీద ఉంది. జీపులు పుట్ట చుట్టూ ఉన్నాయి. దూరంగా గజెల్ అనే చిన్న జింకల మంద మేస్తున్నది. తల్లి చీతా ఆ మంద వైపు చూస్తుంది, జీపుల వైపు చూస్తుంది, మళ్ళీ మంద వైపు చూస్తుంది. చివరికి లేచి, వేట మాని, కూనలను వెంటబెట్టుకుని బండ్ల సందులోంచి వెళ్ళిపోయింది. బండ్లు వెంటబడ్డాయి. వాటిలో మాదీ ఒకటి. ఆ సంగతి దాచిపెట్టి చెప్పడం న్యాయం కాదు.

ఆ రోజు నేను తీసిన ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ వెనకాల ఒక టైరు కనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక మేనల్లుడు ఒక విషయం చదివి వినిపించాడు. అదే మసాయి మారా ప్రాంతంలో చీతాల మీద జరిగిన ఒక పరిశోధన 2018లో అచ్చయింది. యాత్రికుల బండ్లు తక్కువగా తిరిగే చోట్ల ఒక్కో ఈతకు సగటున 2.3 కూనలు పెరిగి పెద్దవై తమ బతుకు తాము బతికే దశకు చేరాయట. బండ్ల రద్దీ ఎక్కువగా ఉన్న చోట్ల ఆ సంఖ్య 0.2. దశాంశాల్లో చెప్తే మనసుకు తగలదు. పదిమంది తల్లులను ఒకవైపు, పదిమందిని ఇంకొకవైపు నిలబెట్టండి. బండ్లు రాని వైపు ఇరవైమూడు మంది పిల్లలు దక్కారు. బండ్లు వచ్చే వైపు ఇద్దరు. అక్కడికి వచ్చినవాళ్ళలో ఒక్కడూ తుపాకీ పట్టినవాడు కాడు. అందరూ ముద్దొచ్చి చూడవచ్చినవాళ్ళే.

చీతా తల్లి ఒంటరిది. మగజంతువు తోడుండదు. పిల్లలను పొదలో దాచి తానే వేటకు పోవాలి, తానే తిరిగి రావాలి. మొదటి రెండు నెలలు పిల్లలను నోట కరచుకుని తావులు మారుస్తూ ఉంటుంది. ఒక పూట వేట తప్పితే పాలు తగ్గుతాయి. బండి చప్పుడుకు పిల్లలు చెదిరినా, వేట తప్పినా, ఆ నష్టం మనకు ఫోటోలో కనపడదు.

అదే రోజు సాయంత్రం జరిగినది ఇంకొకటి చెప్పాలి. తిరుగు దారిలో డ్రైవరు జీపు ఆపి ఇంజను కట్టేశాడు. ఆడ గజెల్ ఒకటి మందకు ఎడంగా నిలబడి ఉంది. మేయడం లేదు. తల అటు తిప్పుతుంది, ఇటు తిప్పుతుంది, మాటిమాటికీ ఒకే గడ్డి గుబురు వైపు చూస్తుంది. "తల్లి చూపు ఎటు పోతుందో చూడండి, పిల్ల అక్కడుంది" అన్నాడు ఆయన ఇంగ్లీషులో. దుర్భిణీ పెట్టి ఎంతసేపు వెతికినా నాకు కనపడలేదు. చివరికి గడ్డిలో ఎండుటాకు అనుకున్నది చెవి అని తెలిసింది. దగ్గరికి పోదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మనం పోతే నక్కకు దారి చూపించినట్టు" అన్నాడు. పొద్దున బండ్ల వెంటబడ్డ మనిషే ఈయన. పొద్దున చీతా దగ్గర పది బండ్ల పోటీ ఉంది, గిరాకీ ఉంది. ఇక్కడ ఎవరూ లేరు. మనిషి ఒకడే, చుట్టూ జనం లేకపోతే ఎంత బాగా ఉంటాడో అనిపించింది.

గడ్డి మేసే జంతువుల పిల్లలు రెండు రకాలు. పుట్టగానే తల్లి వెంట నడిచేవి ఒక రకం. ఆఫ్రికాలో విల్డెబీస్ట్ అనే పెద్ద జంతువులు ఉన్నాయి. జనవరి చివరి నుంచి మార్చి లోపల, పక్కనున్న టాంజానియా దేశపు సెరెంగెటీ మైదానంలో, కొద్ది వారాల్లో నాలుగైదు లక్షల పిల్లలు పుడతాయి. పుట్టిన పది నిమిషాల లోపలే కాళ్ళ మీద నిలబడి తల్లితో పరుగు తీస్తాయి. అన్నీ ఒకేసారి పుట్టడం వల్ల సింహాలూ హైనాలూ తిన్నన్ని తినగా మిగిలినవి బతుకుతాయి. రెండోది దాగే రకం. ఇందులో తల్లి పిల్లను గడ్డిలో పడుకోబెట్టి దూరంగా పోతుంది. పిల్ల కదలదు, అరవదు. దాని ఒంటికి వాసన చాలా తక్కువ. తల్లి దగ్గరుంటే తల్లి వాసనకు నక్క వస్తుంది, కాబట్టి తల్లి ఎడంగా ఉండడమే పిల్లకు కాపుదల. పొద్దుకు కొన్నిసార్లు మాత్రం వచ్చి, పాలిచ్చి, నాకి శుభ్రం చేసి మళ్ళీ పోతుంది.

ఈ రెండో రకంలోదే మన కృష్ణజింక.

ఆ మాట వినగానే నాకు నలభై ఏళ్ళ కిందటి రోజు ఒకటి గుర్తొచ్చింది. 1978లో నేను కొత్తగా మేష్ట్రు ఉద్యోగంలో చేరాను. ఊరి పేరెందుకు, మా తాలూకాలోదే ఒక పల్లె. నా దగ్గర అగ్ఫా క్లిక్ కెమెరా ఉండేది. ఒక రీలుకు పన్నెండు ఫోటోలు. రీలు కొనడానికీ కడిగించడానికీ అయ్యే ఖర్చు తలుచుకుని ఒక్కో ఫోటో తీసేవాళ్ళం. శెనక్కాయ పీకే కాలం. బడికి పోతుంటే చేనులో ఆడకూలీలు కేకేశారు. పోయి చూస్తే చెట్ల సాలు మధ్య జింకపిల్ల. లేత గోధుమ రంగు. మెడ నేలకు ఆనించి, చెవులు వెనక్కి మడిచి, కళ్ళు మాత్రం తెరిచి పడుకుని ఉంది. నేను వంగి ఫోటో తీశాను. కదలలేదు. ఇంకా దగ్గరికి పోయి ఇంకొకటి తీశాను. అప్పుడూ కదలలేదు. జబ్బు చేసింది, నడవలేకపోతున్నది, తల్లి వదిలేసి పోయింది అనుకున్నాం. చుట్టూ చూస్తే తల్లి ఎక్కడా కనపడలేదు. పదిమంది కేకలేస్తుంటే తల్లి ఎట్లా కనపడుతుంది?

పిల్లను తువ్వాలులో చుట్టి ఇంటికి తీసుకుపోయాను. బడి పిల్లలందరూ వచ్చి చూశారు. మేకపాలు దూదివత్తితో నోట్లో పిండాము. తాగినట్టే ఉండేది, ముక్కులోంచి వచ్చేది. మూడో రోజు తెల్లవారేసరికి చచ్చిపోయి ఉంది.

ఆ సాయంత్రం గొర్రెల పెద్దాయన ఒకాయన మా ఇంటి ముందు నిలబడి చెప్పిన మాట నేను మరచిపోలేదు. "మేష్ట్రూ, దాని తల్లి యాడికీ పోలేదప్పా. ఆ గెనుం మీద కంపచెట్టు సాటున నిలబడుకోని ఉండింది. మీరు పొయ్యేదాకా కాసుకోని ఉండింది. రెండు దినాలు ఆ సేన్లోనే తిరిగింది" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మనకు భాగవతంలో జడభరతుడి కథ తెలుసు. రాజ్యం వదిలి తపస్సుకు పోయిన భరతుడు ఏటిలో పడిన జింకపిల్లను తీసి సాకి, దాని మీద మమకారంతో మరుసటి జన్మలో జింకై పుడతాడు. పురాణం చెప్పేవాళ్ళు మమకారం సంగతే చెప్తారు. నాకు ఇంకొకటి కనిపిస్తుంది. ఆ కథలో సింహగర్జనకు బెదిరి ఏరు దాటబోయిన తల్లి జింక నిజంగానే చచ్చిపోయింది. పిల్ల నిజంగానే దిక్కులేనిది. భరతుడు చేసినదానికి ఆధారం ఉంది. నేను తెచ్చిన పిల్లకు తల్లి ఉంది. చేన్లలో, బీళ్ళలో మనకు దొరికాయనుకునే జింకపిల్లల్లో చాలా వాటికి తల్లి ఉంటుంది.

అందుకని శ్రోతలకు, ముఖ్యంగా రైతు సోదరులకు, చేన్లలో పనిచేసే అక్కచెల్లెళ్ళకు నా మనవి ఒకటే. శెనక్కాయ పీకేటప్పుడో, రాగి కోసేటప్పుడో, పశువులకు గడ్డి కోసేటప్పుడో ఇట్లాంటి పిల్ల కనపడితే ముట్టకండి. ఆ నాలుగు సాళ్ళు వదిలిపెట్టి పక్కన పని చేసుకోండి. కుక్కలను కట్టేయండి. మీరు ఎడంగా జరిగి చప్పుడు లేకుండా ఉంటే, చాలాసార్లు పొద్దుగూకేలోపల తల్లి వచ్చి తీసుకుపోతుంది. అప్పటికే ఎవరో ఎత్తుకుని ఉంటే, తెచ్చిన చోటనే, అదే సాలులో పెట్టి దూరంగా వెళ్ళిపోండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రాదు అనే మాట మన పల్లెల్లో బాగా ఉంది. ఆ భయంతోనే చాలామంది పిల్లను తిరిగి పెట్టరు. అది సరికాదు, తొందరగా తిరిగి పెడితే తల్లి తీసుకుంటుంది. మహారాష్ట్రలో జున్నరు ప్రాంతంలో చెరుకు తోటల్లో దొరికిన చిరుత కూనలనే అటవీశాఖవాళ్ళు ఎన్నోసార్లు దొరికిన తావులో పెట్టెలో ఉంచితే, రాత్రి తల్లి వచ్చి నోట కరుచుకుని పోయింది. గాయం ఉంటేనో, తల్లి చచ్చిపడి ఉండడం కళ్ళారా చూస్తేనో అటవీశాఖకు కబురు చేయాలి గాని ఇంట్లో పాలు పట్టకూడదు. మనం పట్టే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బెదురుతోనే కొన్ని చచ్చిపోతాయి.

చట్టం సంగతీ చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. పట్టుకోవడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళ దాకా ఉండవచ్చు. 1978లో నేను చేసిన పని కూడా నేరమే. నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల ఆ పిల్లకు ఒరిగిందేమీ లేదు.

ఇక చూడాలని, ఫోటో తీయాలని ఉన్నవాళ్ళ సంగతి. చూడొద్దని నేను చెప్పను. చూసినవాడికే వాటి మీద ప్రేమ ఉంటుంది. దానికి ఆఫ్రికా దాకా పోనక్కరలేదు. మన పక్కనే మధుగిరి తాలూకాలో, కొడిగేనహళ్ళి ప్రాంతంలో, మైదనహళ్ళి అనే ఊరుంది. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకునే ఉంటుంది. దేవరాయనదుర్గంలో పుట్టి ఉత్తర పినాకినిలో కలిసే జయమంగళి నది పేరు మీద అక్కడి బీడును జయమంగళి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం అంటారు. మొత్తం 798 ఎకరాలు. తుమకూరులోని వైల్డ్‌లైఫ్ అవేర్ నేచర్ క్లబ్ వారు, మరికొందరు పట్టుబట్టి అడగగా 2007లో కర్ణాటక ప్రభుత్వం దాన్ని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. మసాయి మారాలో నాలుగు వందల అరవయ్యో వంతు కూడా ఉండదు. కానీ పొద్దున్నే కావలి గోపురం ఎక్కి చూస్తే, నల్లటి వీపూ తెల్లటి పొట్టా మెలికల కొమ్ములూ ఉన్న మగజింక తల ఎత్తి నడుస్తుంటే, చుట్టూ గోధుమరంగు ఆడజింకలు, వాటి మధ్య చెంగుచెంగున ఎగిరే పిల్లలు కనిపిస్తాయి. మొదటి వారం పది రోజులు దాగి ఉన్న పిల్ల తరువాత మందలో కలుస్తుంది. అప్పుడు చూడాలి దాన్ని. కారణం లేకుండా నాలుగు కాళ్ళూ ఒకేసారి పైకెత్తి ఎగురుతుంది.

మనకు తెలిసిన చిట్కా ఒకటి ఆఫ్రికావాళ్ళూ వాడుతున్నారని అక్కడికి పోయాకనే నాకు అర్థమైంది. జింక నడిచే మనిషికి బెదిరినంతగా బండికి బెదరదు. పూర్వం రాజులు, దొరలు పెంపుడు చీతాలను ఎద్దుల బండి మీద ఎక్కించుకుని జింకల మంద దగ్గరికి పోయేవారు. ఎద్దుల బండి రోజూ చూసేదే కాబట్టి జింకలు పారిపోయేవి కావు. ఆ చీతాలు మన వైపు కూడా ఉండేవి. చిత్తూరు జిల్లాలో 1951లో చీతాను చూసినట్టు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ మరుసటి ఏడే, 1952లో, మన దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. మళ్ళీ 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిదింటిని మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చారు. 2023 మార్చిలో వాటిలో ఒక తల్లికి నాలుగు కూనలు పుడితే, మే నెల ఎండల్లో మూడు చచ్చిపోయాయి. పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో చూడండి.

బండి సంగతి చెప్తున్నాను. కారులోనో ఆటోలోనో ఉంటే దిగకండి. అద్దం దించి, అంచు మీద ఇసుకో బియ్యమో పోసిన చిన్న గుడ్డ సంచి పెట్టి దాని మీద కెమెరా ఆనించండి. చెయ్యి వణకదు. ఆఫ్రికా పోయేవాళ్ళు ఖాళీ సంచి తీసుకుపోయి అక్కడ గింజలు నింపుకుంటారు. నడిచి పోవాల్సి వస్తే జంతువుకు ఎదురుగా తిన్నగా పోకండి. తిన్నగా నడిచి వచ్చేది తోడేలు. పక్కగా, మేస్తున్న గొర్రెలాగా, ఆగి ఆగి పోవాలి. ఒకచోట కూర్చుంటే ఇంకా మంచిది. తల ఎత్తి మీ వైపే చూడడం మొదలుపెట్టిందంటే మీరు ఉండాల్సినదాని కన్నా దగ్గరగా ఉన్నారని లెక్క. రెండడుగులు వెనక్కి వేయండి. తల దించి మేయడం మొదలుపెడితే అదే మీ తావు.

వేళ పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. లేదంటే సాయంత్రం అయిదు తరువాత. మన ప్రాంతంలో పది దాటితే నేల నుంచి ఆవిరి లేచి చూపే అల్లల్లాడుతుంది. ఎండమావికి మృగతృష్ణ అని పేరు పెట్టినవాళ్ళు జింకలుండే బీడులో మధ్యాహ్నం నిలబడి చూసినవాళ్ళే అయి ఉంటారు. ఆ వేళలో ఎంత ఖరీదైన కెమెరా అయినా ఫోటో నీళ్ళలో ముంచి తీసినట్టు వస్తుంది. నిలబడి తీస్తే పిల్ల చీమలాగా కనిపిస్తుంది. కూర్చుని, వీలైతే నేల మీద పడుకుని, దాని కంటి ఎత్తు నుంచి తీయండి. ఎగిరే పిల్లను తీయాలంటే సెకనులో వెయ్యో వంతు వేగం పెట్టుకోవాలి. సెల్‌ఫోను ఒక్కటే ఉన్నవాళ్ళు దుర్భిణీ కంటికి పెట్టుకుని చూసి, ఫోను జేబులో పెట్టుకోండి. చూసినది మీకు మిగులుతుంది. ఫోనుతో తీయాలంటే పది అడుగుల దాకా పోవాలి, పది అడుగుల దాకా పోగలిగారంటే ఆ పిల్ల దాగి ఉన్న పిల్ల. దాన్ని తీయకూడదు.

తోడేళ్ళ విషయం వేరు. ఇది మన ప్రాంతంలో తేలికగా మాట్లాడే విషయం కాదని నాకు తెలుసు. ఒక రాత్రిలో నాలుగు గొర్రెలు పోయిన ఇంటికి పోయి తోడేలు పిల్ల ముద్దుగా ఉంటుందంటే కర్ర తీసుకుంటారు. తీసుకోవడం తప్పూ కాదు. అయినా ఒక లెక్క చెప్తాను. 2022 లెక్కల్లో మన దేశంలో పులులు సగటున 3,682 అని తేలింది. తోడేళ్ళు మూడు వేలకు అటూ ఇటుగా ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. పులికి అడవులు కేటాయించారు. తోడేలు ఉండేది మన తుమకూరు, చిత్రదుర్గ, అనంతపురం జిల్లాల బీళ్ళలో, మన గొర్రెల మధ్య.

తోడేలు చలికాలంలో ఈనుతుంది. వంక గట్టులోనో, గుండ్ల సందులోనో బొరియ చేసుకుంటుంది. రెండు వారాలకు కళ్ళు తెరుస్తాయి. మూడు నాలుగు వారాలకు బొరియ బయటికి వచ్చి ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటాయి. పూర్వం ఆ బొరియలకు పొగ పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఇంకొక పొగ వచ్చింది. నగరాల నుంచి పెద్ద కెమెరాలతో కార్లు వస్తున్నాయి. బొరియ చూపించినవాడికి డబ్బులిస్తారు. ఒకరు తీసిన ఫోటో గంటలో వందమందికి పోతుంది, ఆదివారం నాటికి పది కార్లు వస్తాయి. మనుషుల అలికిడి తగిలితే తల్లి పిల్లలను ఒక్కొక్కదాన్నే నోట పట్టుకుని ఇంకొక తావుకు మారుస్తుంది. ఆ మార్పులో ఎండకు చచ్చేవి, కుక్కల నోట పడేవి ఉంటాయి. మన పిల్లలు ఎవరైనా ఈ పనికి దారి చూపిస్తుంటే, వాళ్ళను తిట్టి లాభం లేదు. పని లేక చేస్తున్నారు. ఆ డబ్బు మంద ఎక్కడ మేస్తుందో దూరం నుంచి చూపించినందుకు ఇప్పించగలిగితే, బొరియ చూపించాల్సిన అవసరం రాదు. బొరియ దగ్గర ఫోటో వద్దే వద్దు. ఊరి పేరు, గుట్ట పేరు ఫోటోతో పాటు పంపకండి.

ఎలుగుబంటి గురించి రెండే మాటలు. మన గుట్టల్లో ఎలుగులు ఉన్నాయి. కూనలను తల్లి వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. పుట్టి బయటికి వచ్చిన మొదటి నెలలన్నీ అట్లాగే. ఆ దృశ్యం చూడాలనుకుంటే హొసపేట దగ్గర 1994లో ఏర్పడిన దరోజీ అభయారణ్యానికి పోయి గోపురం మీద నుంచి చూడండి. మన గుట్టల్లో మాత్రం సీతాఫలాలకో వంటచెరకుకో పోయినప్పుడు కూనతో ఉన్న ఎలుగు ఎదురైతే ఫోను తీయకండి, వీపు తిప్పి పరుగెత్తకండి, చప్పుడు లేకుండా వచ్చిన దారినే వెనక్కి రండి. ఫోటో కోసం నిలబడినవాడు ఫోటో చూసుకోలేడు.

మా తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల అయిదు ఊళ్ళలో పదమూడు వేల ఎకరాల్లో సౌర విద్యుత్ పార్కు వచ్చింది. 2018 మార్చిలో మొదటి దశ ప్రారంభమైంది. నీళ్ళు లేని భూములకు కౌలు డబ్బులు వస్తున్నాయి, మంచిదే. దాంతో గొర్రెలు మేసే బీడు తగ్గింది. గొర్రెలు మేసే బీడే జింకలు మేసే బీడు. రెండూ మిగిలిన చోటికే చేరుతున్నాయి. కాబట్టి ఇకమీదట చేన్లలో జింకపిల్ల కనపడడం తగ్గదు, ఎక్కువవుతుంది. పంట నష్టం కూడా ఎక్కువవుతుంది. నష్టపరిహారానికి అర్జీ పెట్టుకునే హక్కు రైతుకు ఉంది, దాన్ని వదులుకోవద్దు. ఆ కోపం పిల్ల మీద తీర్చుకోవద్దు.

పోయిన ఏడాది చలికాలంలో మా మనవరాలిని మైదనహళ్ళికి తీసుకుపోయాను. ఏడో తరగతి చదువుతుంది. పొద్దున్నే కారులోనే కూర్చున్నాం. ఆడజింక ఒకటి మందకు ఎడంగా నిలబడి ఉంది. "తాతా, అది ఎందుకు మేయడం లేదు?" అని తనే అడిగింది. చూపు ఎటు పోతుందో చూడమ్మా అన్నాను. ముప్పావు గంట కూర్చున్నాం. నాకు నడుము నొప్పి మొదలైంది. ఆ తల్లి నాలుగు అడుగులు వేసి, ఆగి, మళ్ళీ నాలుగు అడుగులు వేసి, ఒక గడ్డి దుబ్బు దగ్గర తల వంచింది. గడ్డిలోంచి సన్నటి కాళ్ళు లేచాయి. పిల్ల పాలు తాగింది. తల్లి దాన్ని తోక నుంచి మెడ దాకా నాకింది. తరువాత పిల్ల మళ్ళీ గడ్డిలో కూలబడి మాయమైంది.

మనవరాలు తీసిన ఫోటోలో గడ్డి, ఒక తల్లి వీపు, రెండు చెవులు ఉన్నాయి. మా ఇంట్లో గోడకు తగిలించాం. చూడవచ్చినవాళ్ళు ఇందులో పిల్ల ఎక్కడుందని అడుగుతారు. తను వేలు పెట్టి చూపిస్తుంది.